మొవ్వు బతికుందా లేదా

నరసన్నపేట వైపు లగేజీ ఆటో నడుపుకునే ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. క్లుప్తంగా చెబుతాను. మూడేళ్ల కిందట సెకండ్ హ్యాండ్ బండి 2,60,000కి కొన్నాడు. అందులో లక్ష మామగారిచ్చింది, మిగతాది ఫైనాన్స్. ఫైనాన్స్ ఈ మధ్యే తీరింది. కానీ ఈ మూడేళ్లలో క్లచ్ ప్లేట్లు, గేర్‌బాక్స్, రేడియేటర్, సెల్ఫ్ మోటారు అంటూ రిపేర్లకే 1,15,000 అయింది. ఇప్పుడు ఇంజిన్ సిలిండర్ అరిగి బోరుకొచ్చింది, 55,000 అవుతుందంటున్నాడు మెకానిక్. ఉన్నదున్నట్టు ఇచ్చేస్తే 1,20,000 ఇస్తామని ఒక పార్టీ వచ్చింది. మొదట్నుంచీ ఈ బండి వద్దన్న భార్య, ఇప్పుడు అమ్మేయమని గొడవ. ఈయన అమ్మలేకపోతున్నాడు. "ఇంత పెట్టాక ఇప్పుడు వదిలేస్తే ఎలా సార్? తెలిసి తెలిసీ ఎందుకిలా చేస్తున్నాను? నా బుర్ర పనిచెయ్యడం లేదా?" అని అడిగాడు.

తమ్ముడూ, ముందు మీ చివరి ప్రశ్నకి జవాబు. మీ బుర్ర బాగానే పనిచేస్తోంది. అందరి బుర్రలూ పనిచేసేది ఇలాగే. నేను 34 ఏళ్లు బ్యాంకులో చేశాను, ఎక్కువ కాలం విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లోని పల్లెటూరి బ్రాంచీల్లోనే. అప్పులిచ్చే కుర్చీలో కూర్చున్నవాణ్ని. రిటైరయ్యాక ఊరికే ఉండలేక దూరవిద్యలో సైకాలజీ ఎంఏ కట్టాను. చదువుతుంటే ఒక్కో పాఠం దగ్గర ఒక్కో ఖాతాదారు మొహం గుర్తొచ్చేది. మీ సమస్య ఉన్న పాఠం దగ్గర మాత్రం నా మొహమే గుర్తొచ్చింది. ఆ సంగతి తర్వాత.

ఎంత చేసినా తిరిగిరాని ఖర్చుని సంక్ కాస్ట్ అంటారు, మునిగిపోయిన డబ్బు అన్నమాట. రేపు ఏం చెయ్యాలో తేల్చుకునేటప్పుడు దాన్ని లెక్కలోకి తీసుకోకూడదని సూత్రం. బీకామ్ పిల్లలు కూడా ఈ సూత్రాన్ని పరీక్షలో రాసేస్తారు. రాసి బయటికొచ్చి, అరగంటకే తలనొప్పి తెప్పించిన సినిమాని టికెట్ కొన్నాం కదా అని శుభం కార్డు దాకా చూసి వస్తారు.

దీని మీద హాల్ ఆర్క్స్, కాథరిన్ బ్లూమర్ అనే ఇద్దరు 1985లో ఒక చక్కని పరిశోధన ప్రచురించారు. అమెరికాలో ఒహాయో యూనివర్సిటీ నాటకశాలకి ఏడాది మొత్తానికీ సీజన్ టికెట్లు అమ్ముతారు. అప్పట్లో టికెట్ ధర 15 డాలర్లు. కొనడానికి వచ్చినవాళ్లలో కొందరికి పూర్తి ధరకి, కొందరికి 2 డాలర్లు తగ్గించి, ఇంకొందరికి 7 డాలర్లు తగ్గించి ఇచ్చారు. ఎవరికి ఏ ధర అన్నది లాటరీ లాంటిదే. అందరూ కొనాలనే వచ్చారు, అందరికీ దొరికింది అవే నాటకాలు. అయినా పూర్తి ధర కట్టినవాళ్లే తగ్గింపు దొరికినవాళ్ల కంటే ఎక్కువ నాటకాలకి వెళ్లారు. డబ్బు ఎక్కువ పెట్టామన్న బాధ వాళ్లని హాలు దాకా నడిపించింది. ఇందులో నాకు బాగా నచ్చిన ముక్క మరొకటుంది. ఈ తేడా సీజన్ మొదటి సగంలోనే కనిపించింది. రెండో సగానికి వచ్చేసరికి చెప్పుకోదగ్గ తేడా లేదు. అంటే పెట్టిన డబ్బు తాలూకు పోటు కొన్ని నెలలకి తగ్గుతుంది. మీ విషయంలో అది ఎందుకు తగ్గలేదో చూడండి. నాలుగు నెలలకొకసారి కొత్త రిపేరు వచ్చి గాయాన్ని మళ్లీ పచ్చి చేస్తోంది. మానే వ్యవధే దొరకలేదు.

రిపేర్ల తీరులో ఇంకో చిక్కు కూడా ఉంది. మూడేళ్ల కిందట ఎవరైనా మీ దగ్గరకొచ్చి, "ఈ బండికి 1,70,000 రిపేర్లు అవుతాయి, కొంటారా?" అని అడిగితే దండం పెట్టి పంపించేసేవారు. కానీ అలా ఎవరూ అడగలేదు. క్లచ్‌కి 9,000 అన్నారు. తొమ్మిది వేల కోసం బండి అమ్ముకుంటామా? చేయించారు. తర్వాత రేడియేటర్ 6,000. ఆరు వేల కోసం అమ్ముకుంటామా? ఒక్కో బిల్లునీ విడిగా చూస్తే చేయించడమే న్యాయంగా కనిపిస్తుంది. బిల్లులన్నీ ఒకచోట గుచ్చి కూడేది ఎవరు? ఎవరూ లేరు. మనసు ఒక్కో ఖర్చుకీ ఒక్కో ఖాతా తెరుస్తుంది, బ్యాంకులో తెరిచినట్టే. డేనియల్ కానెమన్, ఎమోస్ ట్వెర్స్కీ అనే ఇద్దరు సైకాలజిస్టులు 1981లో దీన్ని ఒక చిన్న ప్రశ్నతో పట్టుకున్నారు. నాటకానికి వెళ్తుంటే దారిలో జేబులోంచి 10 డాలర్ల నోటు పడిపోయింది, అయినా 10 డాలర్లు పెట్టి టికెట్ కొంటారా? 88 శాతం మంది కొంటామన్నారు. అదే ముందే కొన్న 10 డాలర్ల టికెట్ పడిపోతే మళ్లీ కొంటారా? 46 శాతమే కొంటామన్నారు. పోయింది రెండుచోట్లా పదే. నోటు పోతే అది సంసారం ఖాతాలో పోయింది. టికెట్ పోతే నాటకం ఖాతాలో పోయింది, ఇంకోటి కొంటే ఆ నాటకానికి ఇరవై అయినట్టు అనిపిస్తుంది.

మీ బండి ఖాతా ఇంకా తెరిచే ఉంది. అమ్మిన క్షణాన అది మూతపడుతుంది, అడుగున నష్టం అని ఎర్ర సిరాతో పడుతుంది. అమ్మనంతకాలం ఆ అంకె పడదు. ఎప్పుడో ఒకప్పుడు పూడుతుందిలే అన్న ఆశ మిగిలుంటుంది. మీరు 55,000 పెట్టడానికి సిద్ధపడుతున్నది ఇంజిన్ కోసం అనుకుంటున్నారు. అందులో సగమైనా ఆ ఖాతా మూతపడకుండా ఉండటానికి కడుతున్న రుసుమే.

నష్టంలో ఉన్న మనిషి తీరే వేరు. 1979లో కానెమన్, ట్వెర్స్కీ అడిగిన ప్రశ్నల్లో ఒకటి: ఖచ్చితంగా 3,000 తీసుకుంటారా, లేక 4,000 వచ్చేందుకు 80 శాతం అవకాశం ఉన్న పందెం ఆడతారా? 80 శాతం మంది చేతికొచ్చే 3,000 చాలన్నారు. అదే ప్రశ్నని తిరగేశారు. ఖచ్చితంగా 3,000 పోగొట్టుకుంటారా, లేక 80 శాతం 4,000 పోయి, 20 శాతం ఏమీ పోకుండా ఉండే పందెం ఆడతారా? 92 శాతం మంది పందేనికే వెళ్లారు. లాభం దగ్గర జాగ్రత్తగా ఉన్న మనుషులే నష్టం దగ్గరికొచ్చేసరికి తెగించారు. నిండా మునిగినవాడికి చలేమిటి అని మనవాళ్లు ఎప్పుడో అన్నారు. ఈ బాపతులోనే ఇంకో సామెత ఉంది, పోగొట్టుకున్న చోటే వెతుక్కోవాలని. చీపురుపల్లి దగ్గర ఒక పెద్దాయన, పేకాటలో పొలం సగం కరిగించుకున్నవాడు, నా ఎదురుగా కూర్చుని ఇదే సామెత చెప్పాడు. "పోయిన కాడే ఎతుక్కోవాల కద బావూ" అని. ఉంగరం పోతే పోయిన చోట వెతకాలి, నిజమే. డబ్బు అలా ఒకచోట పడి ఉండదు.

ఇక్కడిదాకా చెప్పింది ఏ పుస్తకంలోనైనా దొరుకుతుంది. కానీ మీరు అమ్మలేకపోవడానికి అసలు కారణం డబ్బు కాదని నా అనుమానం. ఇప్పుడు నా కథ చెబుతాను.

ఇరవై ఏళ్ల కిందటి మాట. విజయనగరం జిల్లాలో ఒక మండల కేంద్రంలో నేను మేనేజర్ని. ఒక రైస్ మిల్లుకి 14 లక్షలు అప్పిచ్చాను. కాగితాలన్నీ సరిగ్గానే ఉన్నాయి, మనిషి మంచివాడు. ఏడాది తిరిగేసరికి కిస్తీలు తడబడ్డాయి. ధాన్యం కొనుక్కోవడానికి ఇంకో 4 లక్షలు కావాలన్నాడు. అవి ఇవ్వకపోతే మిల్లు ఆగిపోతుంది, 14 లక్షలూ పోతాయి అనుకుని ఇచ్చాను. ఆర్నెల్లకి కొత్త పాలిషర్ వేస్తే బియ్యానికి రేటొస్తుందన్నాడు. మరో 3 లక్షలు. పై ఆఫీసుకి నోట్ రాసిన ప్రతిసారీ "తాత్కాలిక ఇబ్బంది" అనే రాశాను. ఆ మాట నేనే నమ్మాను, అదీ విశేషం. ప్రతి మంగళవారం ఆ మిల్లు ముందునుంచే స్కూటర్ మీద వెళ్లేవాణ్ని. మిల్లు చప్పుడు వినిపించేది కాదు. సీజన్ కాదులే అనుకునేవాణ్ని. సీజన్‌లో కూడా వినిపించకపోతే ఈవేళ కరెంటు కోతేమో అనుకునేవాణ్ని.

నాకు ట్రాన్స్‌ఫర్ అయింది. నా కుర్చీలోకి వచ్చినాయన పన్నెండో రోజున ఫోన్ చేశాడు. "ఏమండీ, ఈ మిల్లు కరెంటు బిల్లులు చూశారా? నెలకి ఒక ఇంటికి వచ్చినంత కూడా రావడం లేదు. మిల్లు ఎప్పట్నుంచో తిరగడం లేదు కదా?" అన్నాడు. కరెంటు బిల్లు! అంత చిన్న కాగితం. రెండేళ్లలో నాకు ఎందుకు తట్టలేదు? ఆయన నాకంటే తెలివైనవాడా అంటే కాదు. కొన్నేళ్ల తర్వాత తెలిసింది, ఆయన అంతకుముందు పనిచేసిన బ్రాంచిలో రొయ్యల చెరువులకి తనే ఇచ్చిన అప్పు ఒకటి అచ్చం ఇలాగే మురిగిందని. అక్కడ చెరువు ఎండిపోయిన సంగతి ఆయనకి కనపడలేదు. ఎవరి అప్పు వాళ్లకి కనపడదు, అంతే.

బారీ స్టా అనే ఆయన 1976లో బిజినెస్ చదివే విద్యార్థులతో ఒక ఆట ఆడించాడు. మీరొక కంపెనీలో పెద్ద అధికారి, రెండు విభాగాల్లో దేనికి డబ్బు పెట్టాలో తేల్చండి అన్నాడు. కొందరితో ఆ మొదటి నిర్ణయం చేయించాడు. కొందరికి మాత్రం, ఇది మీకంటే ముందున్న అధికారి చేసిన నిర్ణయం అని చెప్పాడు. తర్వాత ఆ విభాగం బాగా నడిచిందనో, దెబ్బతిన్నదనో లెక్కలు చూపించి, చేతిలో 2 కోట్ల డాలర్లు పెట్టి మళ్లీ పంచమన్నాడు. తాము ఎంచుకున్న విభాగమే దెబ్బతిన్నప్పుడు, దానికి 1.3 కోట్లకు దగ్గరగా పోశారు. మిగతా అన్ని గుంపుల్లోనూ ఆ విభాగానికి దక్కింది సగటున కోటి లోపే. గెలుస్తున్న గుర్రం మీద కంటే, తాము ఎంచుకుని ఓడిపోతున్న గుర్రం మీద ఎక్కువ పెట్టారన్నమాట.

ఆటలోనే కాదు. అదే స్టా ఇంకో ఇద్దరితో కలిసి 1997లో కాలిఫోర్నియాలోని 132 బ్యాంకుల తొమ్మిదేళ్ల లెక్కలు తిరగేశాడు. పై స్థాయి మేనేజర్లు మారిన బ్యాంకుల్లో మొండి బాకీలని మొండి బాకీలుగా ఒప్పుకోవడం, రద్దు చెయ్యడం ఎక్కువగా కనిపించింది. ఎంఏ చదువుతూ ఈ పేపర్ చూసిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా మిల్లు కాలిఫోర్నియా దాకా ఎలా వెళ్లిందా అనిపించింది.

కాబట్టి తమ్ముడూ, మిమ్మల్ని పట్టుకుని ఉన్నది ఆ 1,15,000 కాదు. "ఈ బండి కొందాం" అన్నది మీరు. మామగారి దగ్గర లక్ష తెచ్చింది మీరు. వద్దన్న మనిషి ఇంట్లోనే ఉంది. అమ్మడం అంటే బండి అమ్మడం ఒక్కటే కాదు, ఆవిడ చెప్పిందే నిజమని సంతకం పెట్టడం. దాని ఖరీదు మీకు 55,000 కంటే ఎక్కువగా అనిపిస్తోంది. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. నేను పై ఆఫీసు ముందు అదే సంతకం తప్పించుకోవడానికి బ్యాంకు డబ్బు 7 లక్షలు పోశాను. మీరు పోస్తున్నది మీ సొంత డబ్బు.

ఇది మీ ఆవిడ కూడా చదువుతుందేమో, అందుకని ఒక మాట ఆమెకి. అమ్మా, మీరన్నది నిజమే కావచ్చు. కానీ "నేను ముందే చెప్పాను" అన్న మాట ఎన్నిసార్లు అంటే బండి అన్నాళ్లు ఇంట్లో ఉంటుంది. తప్పు పట్టేకొద్దీ మనిషి తను చేసింది ఒప్పే అని రుజువు చేసుకోవడానికి ఇంకాస్త పెడతాడు. మీకు కావలసింది బండి పోవడమా, మీ మాట నెగ్గడమా? రెండూ ఒకేసారి దొరకడం నేను చాలా తక్కువసార్లు చూశాను. మూడేళ్లు ఇల్లు ఆ బండి మీదే నడిచింది, ఫైనాన్స్ కూడా దాని సంపాదనతోనే తీరింది. ఆ ముక్క ఒక్కసారి మీ నోటితో అనండి. ఆయనకి బయటపడే దారి దొరుకుతుంది.

బుర్ర గురించి మీరడిగింది కూడా వదలను. టెన్షన్‌లో ఉన్న బుర్రకి నిజంగానే కాస్త సత్తువ తగ్గుతుంది. 2013లో ప్రచురించిన ఒక పరిశోధన తమిళనాడు చెరకు రైతుల మీద చేశారు, 464 మంది. చెరకు కోతకి ముందు చేతిలో డబ్బు ఆడదు, కోత తర్వాత ఆడుతుంది. అదే రైతుకి రెండు సమయాల్లోనూ తెలివితేటల పరీక్షలాంటివి పెడితే, కోతకి ముందు తక్కువ మార్కులొచ్చాయి. మనిషి అదే, చదువూ అదే. అప్పు గురించిన ఆలోచన లోపల ఒక పక్కన నడుస్తూ ఉంటే మిగతా లెక్కలకి చోటు తగ్గుతుంది. అందుకే చెబుతున్నాను, మెకానిక్ షెడ్డులో నిలబడి, కిరాయి పోతోందన్న కంగారులో ఈ నిర్ణయం తీసుకోకండి. మీరు ఇప్పటిదాకా "సరే కానియ్" అన్న ప్రతిసారీ ఆ షెడ్డులోనే అని ఉంటారు.

ఇంకో భయం మీరు రాయలేదు కానీ ఉండే ఉంటుంది. అమ్మాక కొన్నవాడు చిన్న ఖర్చుతో బాగుచేయించుకుని, మీ కళ్ల ముందే నరసన్నపేట బజారులో రయ్యిమని తిప్పుకుంటే? వెనకాల మీ పాప పేరు ఇంకా చెరగకుండా ఉంటే? ఇది చిన్న భయం కాదు. 1982లో కానెమన్, ట్వెర్స్కీ ఇద్దరు మదుపరుల కథ చెప్పారు. ఒకడు షేర్లు మార్చి, రావలసిన లాభం పోగొట్టుకున్నాడు, రెండోవాడు మారుద్దామనుకుని మార్చక పోగొట్టుకున్నాడు. నష్టం ఇద్దరికీ ఒకటే. ఎవరు ఎక్కువ బాధపడతారంటే 92 శాతం మంది మార్చినవాడే అన్నారు. చేసి చెడితే ఎక్కువ మంట. చెయ్యకుండా చెడితే మన చేతుల్లో ఏముందిలే అని సర్దుకుంటాం. అయితే ఈ మంట దగ్గరి కాలానిదే. ఏళ్లు గడిచాక మనుషులు ఎక్కువగా నొచ్చుకునేది చెయ్యకుండా వదిలేసిన వాటి గురించేనని తర్వాత వచ్చిన పరిశోధనలు చెప్పాయి. ఎందుకైనా మంచిది, అమ్మే పక్షంలో బొబ్బిలి వైపు పార్టీకో, సాలూరు వైపు పార్టీకో అమ్మండి. కంటికి కనపడని బండి తొందరగా మరుపుకొస్తుంది. ఇది ఏ పుస్తకంలోనూ లేదు, నా సొంత సలహా.

ఇంతా చదివి నేను అమ్మేయమంటున్నానని అనుకోకండి. ఇక్కడే చాలామంది తప్పులో కాలేస్తారు. పెట్టిన డబ్బుని చూసి పట్టుకుని వేలాడటం ఎంత తప్పో, పెట్టిన డబ్బుని చూసి కోపంతో విసిరేయడమూ అంతే తప్పు. "ఇప్పటికే లక్షా పదిహేను వేలు మింగింది, ఇక పైసా పెట్టను" అన్నవాడు కూడా పాత బిల్లులే చూస్తున్నాడు. గేర్‌బాక్స్ కొత్తది, క్లచ్ కొత్తది, రేడియేటర్ కొత్తది అయ్యాక మిగిలింది ఇంజిన్ ఒక్కటే అయితే, దాన్ని కూడా చేయించడమే తెలివైన పని కావచ్చు.

ఈ తేడా నాకు నేర్పింది సైకాలజీ పుస్తకం కాదు, మా నాన్న. మాది శ్రీకాకుళం జిల్లా తీరంలోని ఉద్దానం. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. తెల్లారి చూస్తే మా తాత వేసిన కొబ్బరితోట నేలమీద ఉంది. జీడిచెట్లు వేళ్లతో సహా లేచి పడ్డాయి. వారం తర్వాత దారులు తెరుచుకున్నాక విజయనగరం నుంచి వెళ్లాను. అప్పటికి రిటైరై రెండేళ్లు, సైకాలజీ పుస్తకాలు చదువుతున్న వేడి మీద ఉన్నాను. నాన్న పడిపోని చెట్ల మధ్య తిరుగుతున్నాడు. నిలబడ్డవి కొన్ని, సగం వంగినవి కొన్ని. నేను పెద్ద తెలిసినవాడిలా, "నాన్నా, అరవై ఏళ్లు పెంచామని వీటిని పట్టుకుని కూర్చోకు. అన్నీ కొట్టించేసి కొత్త మొక్కలు వేద్దాం" అన్నాను. ఆయన నావైపు చూసి, "అరవై ఏళ్ల మాట ఎవుడెత్తాడురా? మొవ్వు బతికుందా లేదా అని సూత్తన్నాను" అన్నాడు.

కొబ్బరి చెట్టుకి ప్రాణం మొవ్వులోనే. తల మధ్యలో నిలువుగా వచ్చే లేత ఆకు, అదొక్కటే దాని ఎదుగుదల. కొమ్మలు లేవు కాబట్టి పక్కనుంచి ఇంకోటి రాదు. మొవ్వు విరిగినా కుళ్లినా చెట్టు నిలబడి కనిపిస్తున్నా చచ్చినట్టే. మొవ్వు బతికుంటే మట్టలన్నీ పోయి బోడిగా ఉన్నా మళ్లీ తేరుకోవచ్చు. నాన్న ఒక కుర్రాణ్ని చెట్టు చెట్టుకీ ఎక్కించాడు. మొవ్వు పోయినవాటికి సున్నం గుర్తు పెట్టించాడు, అందులో తాత తన చేత్తో మొట్టమొదట నాటిన చెట్టు కూడా ఉంది. దానికీ సున్నమే. వంగిపోయినా మొవ్వు ఉన్నవి పద్నాలుగు తేలాయి. వాటి మొదట్లో మట్టి పోయించి, వెదుళ్లతో ఊతం పెట్టించాడు. కొత్త మొక్క కాపుకి రావాలంటే ఆరేడేళ్లు ఆగాలి, ఇవి నిలిస్తే రెండేళ్లలో కాయలొస్తాయని ఆయన లెక్క. పద్నాలుగులో తొమ్మిది నిలిచాయి. ఐదు పోయాయి. నేను చెప్పినట్టు చేసి ఉంటే తొమ్మిదీ పోయేవి.

ఆయన వెనక్కి ఒక్కసారి కూడా చూడలేదు. నేనే చూశాను, చూడకూడదని చెబుతూ చూశాను.

సరే, మీరు చెయ్యవలసింది. మీ కుర్చీలోకి కొత్త మేనేజర్ని తెచ్చుకోండి. ఇంటెల్ కంపెనీ 1985లో మెమరీ చిప్పుల వ్యాపారంలో జపాన్ వాళ్ల దెబ్బకి నష్టాల్లో ఉంది. కంపెనీ పుట్టిందే ఆ చిప్పులతో, అందుకే వదలలేకపోతున్నారు. ఒకరోజు కంపెనీ ప్రెసిడెంట్ ఆండ్రూ గ్రోవ్ తన పైన ఉన్న సీఈఓ గోర్డన్ మూర్‌ని, "మనిద్దర్నీ తీసేసి కొత్త సీఈఓని తెస్తే ఆయనేం చేస్తాడు?" అని అడిగాడు. మెమరీ నుంచి బయటపడతాడని మూర్ వెంటనే చెప్పాడు. అలాంటప్పుడు మనమే ఒకసారి తలుపు బయటికి వెళ్లి, మళ్లీ లోపలికొచ్చి ఆ పని ఎందుకు చెయ్యకూడదన్నాడు గ్రోవ్. చేశారు కూడా. మీకైతే తలుపు దాకా కూడా అక్కర్లేదు. ఆటో స్టాండులో మీరు నమ్మే ఇంకో డ్రైవర్ ఉంటాడు కదా, అతనికి వివరాలు ఇచ్చి, ఇది నీ బండి అనుకుని చెప్పమనండి. పాత రిపేర్ల ఖర్చు మాత్రం అతనికి చెప్పొద్దు. ఏయే పార్టులు మారాయో చెప్పండి, ఎంతైందో చెప్పొద్దు.

మిమ్మల్ని మీరు అడగాల్సిన ప్రశ్న ఇది. ఇవాళ మీకు బండే లేదు, జేబులో 1,75,000 ఉంది. ఎందుకంటే చేయించకుండా అమ్మితే వచ్చే 1,20,000, రిపేరుకి పెట్టని 55,000 కలిపితే మీ చేతిలో ఉండేది అంతే. ఆ డబ్బుతో ఇంజిన్ బోరు చేయించిన ఇదే బండిని కొంటారా, బజారులో ఇంకోటి చూసుకుంటారా? ఇందులో మామగారు లేరు, మీ ఆవిడ లేదు, మూడేళ్లు లేవు. ఒక జాగ్రత్త: సొంత బండికి మనం కట్టే విలువ ఎప్పుడూ ఎక్కువే ఉంటుంది. 1990లో ప్రచురించిన ఒక పరిశోధనలో కొందరికి కాఫీ మగ్గులు చేతికిచ్చి అమ్మమంటే, చేతిలో మగ్గు ఉన్నవాళ్లు అడిగిన ధర, కొనేవాళ్లు ఇస్తామన్న దానికి రెట్టింపు దాకా ఉంది. గంట కిందట ఇచ్చిన మగ్గుకే అలా ఉంటే, పాప పేరు రాయించిన బండి సంగతి చెప్పేదేముంది? అందుకే ధర మాత్రం మీరు కట్టకండి, ఇంకో ఇద్దరు పార్టీలని అడిగించండి.

ఒకవేళ చేయించాలనే తేలితే, చేయించిన వెంటనే ఒక అంకె రాసి పెట్టుకోండి. ఇక మీదట ఏడాదిలో రిపేర్లు 15,000 దాటితే అమ్మేస్తాను అని. పదిహేనే ఎందుకు, ఇరవై అయినా ఫరవాలేదు. అంకె ఎంతైనా, బండి బాగున్న రోజున రాసుకోవాలి, ఆగిపోయిన రోజున కాదు. ఆ కాగితం మీ ఆవిడ దగ్గర ఉంచండి. ఈసారి ఆవిడ వద్దన్నది కాదు, ఇద్దరూ కలిసి ఒప్పుకున్నది అవుతుంది.

వీటన్నిటికంటే ముందు ఒక పని. బోరు చేస్తానన్న మెకానిక్ కాకుండా వేరే మెకానిక్‌తో బండిని ర్యాంపు ఎక్కించి కింద చూపించండి. మన వైపు ఉప్పుగాలికి ఇనుము తొందరగా తినేస్తుంది. ఇంజిన్ని బాగుచేయించుకోవచ్చు, అవసరమైతే ఇంకోటి దింపి ఎక్కించుకోవచ్చు. ఛాసిస్‌కి, అంటే బండి అడుగు చట్రానికి, తుప్పు లోపలిదాకా పట్టి ఉంటే పైన ఏం పెట్టినా దండగే. స్క్రూడ్రైవర్‌తో నాలుగుచోట్ల గట్టిగా పొడవమనండి. పెచ్చులు రాలితే 1,20,000 పార్టీకి సాయంత్రమే ఫోన్ చెయ్యండి. టంగుమంటే కూర్చుని లెక్క వేద్దాం, ఏ సంగతీ నాకు రాయండి.